తీరిక ఉన్నవాళ్లకు నెల రోజుల కోర్సెందుకు?

ఇరవై ఎనిమిది రోజులు, 200 గంటలు, సముద్రం ఒడ్డున వసతి, మూడు పూటలా శాకాహారం, చివరి రోజున ప్రపంచమంతా చెల్లుతుందనే సర్టిఫికెట్. బాలీ, థాయ్‌లాండ్, శ్రీలంకల్లో అక్కడే ఉండి నేర్చుకునే యోగా టీచర్ ట్రైనింగ్ కోర్సుల ప్రకటనలు కొద్ది తేడాతో అన్నీ ఇలాగే ఉంటాయి. బాలీలో ఫీజు మామూలుగా రెండు మూడు వేల డాలర్లు. దానిపైన విమానం టికెట్లు, వీసా, చేతి ఖర్చు. అన్నీ కలిపితే మూడు లక్షల రూపాయలకు అటూ ఇటూ తేలుతుంది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడులో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడికో అమ్మాయికో ఈ ప్రకటన కంటపడితే ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్చుకొని గల్ఫ్‌కు, వేట పనికి గుజరాత్‌లోని వెరావల్‌కు పోవడం అలవాటైన జిల్లా మనది. అలా వెరావల్ నుంచి వేటకు వెళ్లి, పాకిస్తాన్‌కు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో గడిపి 2020 జనవరిలో మనవాళ్లు ఇల్లు చేరిన సంగతి ఈ తీరంలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి చోట ప్రమాదం తక్కువ, మర్యాద ఎక్కువ ఉన్న విదేశీ కొలువంటే ఎవరికి చేదు? ఆశను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా కొంటున్న సరుకు మీదే. ఆ కోర్సు డబ్బుండి తీరిక లేనివాళ్ల కోసం తయారైంది. మన పిల్లల దగ్గర ఉన్నది తీరిక, లేనిది డబ్బు.

నెల రోజుల్లో యోగా టీచరును తయారుచేయమని ఏ పాత గ్రంథమూ చెప్పలేదు. రిషికేశ్‌లోని స్వామి శివానంద శిష్యుడు, కేరళలో పుట్టిన స్వామి విష్ణుదేవానంద 1957లో పాశ్చాత్య దేశాలకు వెళ్లారు. కెనడాలో కేంద్రం పెట్టుకొని 1969లో ఈ తరహా శిక్షణ మొదలుపెట్టారు. ఆశ్రమంలోనే బస, తెల్లవారుజామున లేవడం, రోజంతా క్రమశిక్షణ, నాలుగు వారాల్లో ముగింపు. ఆయన ఉద్దేశం ఏదైనా, అక్కడి ఉద్యోగులకు ఆ కొలత సరిగ్గా సరిపోయింది. ఒక్క విడతలో నెలకు మించి సెలవు దొరకదు కదా. 1999లో అమెరికాలో ఏర్పడిన యోగా అలయన్స్ అనే సంస్థ 200 గంటలను కనీస ప్రమాణంగా పెట్టింది. దాంతో ఆ నాలుగు వారాల పద్ధతి ప్రపంచమంతటా వ్యాపారానికి అచ్చు అయిపోయింది. అంతకు చాలా ముందే 1918లో ముంబై వెర్సోవా‌లో యోగా ఇన్‌స్టిట్యూట్, 1924లో లోనావాలాలో కైవల్యధామ మొదలయ్యాయి. నెలల తరబడి సాగే కోర్సులు మన దేశంలో ఇప్పటికీ ఉన్నాయి. అయినా మన చెవికి బాలీ పేరే ముందు వినిపిస్తోంది. ఇంకో వింత చూడండి. విదేశీయులు కొద్దికాలం యోగా నేర్చుకోవడానికి వస్తే మన ప్రభుత్వం ఇ-టూరిస్ట్ వీసాలోనే అందుకు వీలు కల్పించింది. వాళ్లు ఇటు, మనం అటు.

కోర్సు లోపల ఏముంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. 28 రోజుల్లో వారానికో సెలవు తీసేస్తే మిగిలేది 24 రోజులు. 200 గంటలు పూర్తి కావాలంటే రోజుకు ఎనిమిది గంటలకు పైగా క్లాసు ఉండాలి. పొద్దున ఆరింటికి ప్రాణాయామం, తర్వాత రెండు గంటలు ఆసనాలు, టిఫిను, శరీర నిర్మాణం మీద పాఠం, భోజనం, మధ్యాహ్నం ఆసనాల సవరింపు, సాయంత్రం తత్త్వం, ధ్యానం. యోగా అలయన్స్ ఇప్పటి ప్రమాణం ప్రకారం ఆసన ప్రాణాయామాది సాధనకు కనీసం 75 గంటలు, శరీర శాస్త్రానికి 30, చరిత్ర, తత్త్వాలకు 30 ఉండాలి. బోధన పద్ధతి, వృత్తి సంగతులు, బోధించే అభ్యాసం, ఈ మూడింటికీ కలిపి 50 గంటలు. 2020లో సవరించకముందు ఉన్న ప్రమాణంలోనైతే శిక్షణార్థి స్వయంగా ముందు నిలబడి క్లాసు నడపాల్సిన కనీస సమయం అయిదు గంటలే. ఆ అయిదు గంటలైనా ఎవరి ముందు? తోటి శిక్షణార్థుల ముందు. వాళ్లంతా మూడు వారాలుగా అవే ఆసనాలు వేస్తున్నవాళ్లు. చాలామంది పాతిక ముప్ఫై ఏళ్ల ఆరోగ్యవంతులు. మాట పూర్తికాకముందే ఒళ్లు వంచేస్తారు. వాళ్లకు చెప్పడం చెప్పడమే కాదు.

ఇప్పుడు భావనపాడు, నౌపడ, టెక్కలి చుట్టుపక్కల రేపు ఆ టీచరు ముందు కూర్చోబోయేది ఎవరో చూడండి. వల లాగి లాగి నడుము పట్టేసిన యాభై ఏళ్ల మనిషి. తెల్లారి నుంచి నేల మీద కూర్చొని చేపలు కోసి, తలమీద గంపతో ఊళ్లు తిరిగి మోకాళ్లు అరగదీసుకున్న ఆడమనిషి. నౌపడ ఉప్పు మడుల్లో వంగి వంగి ఉప్పు లాగిన కూలీ. కాస్త ఉత్తరానికి పోతే ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైందంటేనే ఆ జబ్బు ఎంత పాకిందో అర్థమవుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతి మీద బరువు మోపే ఆసనం వేయించకూడదు. రక్తపోటు అదుపులో లేనివాళ్ల చేత ఊపిరి బిగబట్టించకూడదు, తలకిందులుగా నిలబెట్టకూడదు. కింద కూర్చోలేని ముసలావిడకు కుర్చీలోనే ఏం చేయించవచ్చో తెలిసుండాలి. ఈ వృత్తిలో అసలు విద్య ఎవరి చేత ఏది చేయించకూడదో తెలియడం. అది పుస్తకంలో నాలుగు పంక్తులు. ఒళ్లు సహకరించని యాభై మందిని దగ్గరుండి చూస్తే తప్ప చేతికి రాదు. వెనక నిలబడి, తప్పు చేయబోతుంటే ఆపే పెద్ద టీచరు ఉండాలి. అందుకు కావలసింది నెలలూ ఏళ్లూ పట్టే సమయం, నిజమైన మనుషులు. మూడు లక్షలు పోసి బాలీలో కొన్నా ఈ రెండూ ఆ ప్యాకేజీలో రావు. భావనపాడు వీధిలో రెండూ ఉన్నాయి.

మరి సర్టిఫికెట్ మాటేమిటి? ప్రకటనల్లో అంతర్జాతీయ గుర్తింపు అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. యోగా టీచర్లకు ప్రపంచమంతా ఒప్పుకునే లైసెన్సు ఏదీ లేదు. యోగా అలయన్స్ స్వచ్ఛంద నమోదు సంస్థ. స్కూళ్లు తమ పాఠ్యప్రణాళిక పంపి నమోదు చేయించుకుంటాయి, అక్కడ చదివినవాళ్లు ఏటా రుసుము కట్టి తమ పేరు నమోదు చేయించుకుంటారు. నిజాయతీగా నడిచే స్కూళ్లు ఆ జాబితాలో చాలానే ఉండొచ్చు. కానీ శిక్షణార్థికి క్లాసు నడపడం వచ్చో రాదో ఆ సంస్థ తానుగా పరీక్ష పెట్టి తేల్చదు. పాస్ చేసేది ఫీజు తీసుకున్న స్కూలే. మన దగ్గర ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద నడుస్తున్న యోగా సర్టిఫికేషన్ బోర్డు పద్ధతి వేరు. యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ నుంచి యోగా మాస్టర్ దాకా మెట్లు ఉన్నాయి. రాత పరీక్షతో పాటు ప్రాక్టికల్ కూడా ఉంటుంది. నేర్పినవాళ్లు ఒకరు, పరీక్షించేవాళ్లు మరొకరు. బోర్డులో లోపాలు లేవని అనను. ఒకసారి పెట్టే ప్రాక్టికల్‌తో మంచి టీచరు తేలిపోడు కూడా. అయినా తన విద్యార్థికి తానే మార్కులు వేసుకునే పద్ధతి కంటే ఇది ఎంతో నయం, ఖర్చులో పోలికే లేదు.

విదేశాల్లోని స్టూడియోలు, రిసార్టులు యోగా అలయన్స్ నమోదే అడుగుతాయి, మీ బోర్డు కాగితం అక్కడెవరికి కావాలి అని అడగవచ్చు. నిజమే, చాలాచోట్ల అదే అడుగుతారు. వియత్నాంలో, చైనాలో పనిచేస్తున్న భారతీయ యోగా టీచర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అయితే ఆ నమోదు పొందడానికి దేశం దాటనక్కర్లేదు. రిషికేశ్, మైసూరు, గోవాల్లో నమోదైన స్కూళ్లు కొల్లలు. ప్రమాణం ఒకటే, గంటలు అవే, సర్టిఫికెట్ మీద అక్షరాలూ అవే. తేడా ఉన్నది కిటికీలోంచి కనిపించే దృశ్యంలో. పైగా ఆ స్టూడియో యజమాని ఇంటర్వ్యూలో నువ్వు ఎక్కడ నేర్చుకున్నావని అడిగి ఊరుకోడు. గంటసేపు క్లాసు చెప్పి చూపించమంటాడు. రెండేళ్లు టెక్కలిలో రోజూ ఇరవై మందికి చెప్పినవాడు ఆ గంటలో తడబడడు. నెల రోజులు బాలీలో గడిపి నేరుగా వచ్చినవాడి సంగతి ఆ గంటలోనే తేలుతుంది.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఊళ్లో నేర్చుకుని ఊళ్లో చెబితే బతుకేం గడుస్తుంది? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేస్తే అన్యాయం. ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో పార్ట్‌టైమ్ యోగా బోధకులకు కేంద్రం పెట్టిన పారితోషికం సెషన్‌కు రూ.250. మగవాళ్లకు నెలకు 32 సెషన్లు, ఆడవాళ్లకు 20. అంటే ఎనిమిది వేలు, అయిదు వేలు. ఈ డబ్బుతో ఇల్లు నడవదు, ఆడవాళ్లకు సెషన్లు తక్కువ ఎందుకో ఎవరూ చెప్పరు. మరోపక్క 2025 జూన్ 21న యోగా దినం పేరిట విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా జనాన్ని కూర్చోబెట్టి రికార్డు కొట్టారు. అంతకు ముందు రోజు 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థుల చేత ఒకేచోట సూర్య నమస్కారాలు చేయించారు. ఇన్ని చేయించగలిగిన వ్యవస్థ ఏడాది పొడవునా నేర్పే మనిషికి కూలీ పాటి జీతం కూడా ఇవ్వకపోతే, ఆ మనిషి ఏజెంటు మాట వినడంలో ఆశ్చర్యమేముంది? కాబట్టి విదేశం వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నేను అనేది వరస గురించి. ముందు ఆ కాస్త డబ్బు వచ్చే పనిలోనే చేయి తిరగాలి. ఆయుష్ కేంద్రమో బడో వృద్ధాశ్రమమో, అక్కడ గడిపే రెండేళ్లూ ఎదురు డబ్బిచ్చే శిక్షణే. ఆ తర్వాత వెళ్లినవాడు అనుభవం ఉన్న టీచరుగా వెళతాడు. ముందే వెళ్లినవాడు కొనుగోలుదారుగా వెళతాడు, అప్పుతో తిరిగి వస్తాడు.

అక్కడే ఉండి నేర్చుకోవడంలో మరో చిక్కుంది, దాని గురించి తెలుగులో తక్కువ మాట్లాడుకుంటాం. తిండి, పడక, పాఠం, సర్టిఫికెట్ అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండే చోట ఎదురు ప్రశ్న వేయడం కష్టం. పరాయి దేశమైతే మరీ కష్టం. కలకత్తా నుంచి అమెరికా వెళ్లిన బిక్రమ్ చౌదరి తొమ్మిది వారాల శిక్షణను హోటళ్లలో నడిపేవాడు. ఒక్కో విడతలో వందలమంది, ఫీజు పదివేల డాలర్లకు పైనే. 2013 నుంచి అతని మీద శిష్యురాళ్లు లైంగిక దాడి ఆరోపణలతో కోర్టుకెక్కారు. వేధించి ఉద్యోగం నుంచి తీసేశాడని అతని దగ్గర న్యాయ సలహాదారుగా పనిచేసిన మహిళ వేసిన దావాలో 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆమెకు సుమారు 70 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. డబ్బు కట్టకుండా అతను దేశం దాటాడు, 2017లో అరెస్టు వారంటు వెలువడింది. ఇది ఒక్కడి కథే కదా అనుకోవడానికి లేదు. థాయ్‌లాండ్‌లోని కో ఫంగాన్ ద్వీపంలో పేరున్న ఒక యోగా స్కూలు మీద కూడా 2018లో ఇలాంటి ఆరోపణలే వచ్చాయి. గురుకులంలో ఉండి నేర్చుకోవడం మన సంప్రదాయమే కదా అంటారు. ఆ సంప్రదాయంలో గురువు ఎవరో ఊరికి తెలుసు, శిష్యుడి తల్లిదండ్రులకూ తెలుసు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి డబ్బు పంపిన చోట గురువు ఎవరో అక్కడ దిగేదాకా తెలియదు. అందుకే అమ్మాయిలను పంపవద్దు అనడం నా ఉద్దేశం కాదు. ఫిర్యాదు తీసుకునే మనిషి స్కూలు యజమాని కాకుండా వేరొకరు ఉన్నారా, మధ్యలో వదిలేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారు అని డబ్బు కట్టకముందే అబ్బాయిలు కూడా అడగాలి. లేచి బయటికి రాగలిగే వీలున్నప్పుడే అక్కడ ఉండి నేర్చుకోవడం క్షేమం.

ఇక ఏజెంట్లు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇంకా పాతబడలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను తీసుకెళ్లి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. యోగా కోర్సులు అమ్మేవాళ్లంతా అలాంటివాళ్లని నేను అనడం లేదు. చట్టంలో ఒక సందు ఉందని మాత్రం తెలుసుకోవాలి. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. అభ్యర్థి నుంచి అతను తీసుకోగలిగే సేవా రుసుము రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ. అదే ఉద్యోగాన్ని కోర్సుతో ముడిపెట్టి, ముందు శిక్షణ, తర్వాత గ్యారంటీగా కొలువు అంటే వసూలు చేసేది శిక్షణ ఫీజు అయిపోతుంది. పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది. కోర్సు, కొలువు కలిపి అమ్ముతున్నారంటే ఆ మనిషిని ఉద్యోగ ఏజెంటుగానే చూడాలి, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని నమోదు ఉందో లేదో చూసుకోవాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి కోర్సయ్యాక అక్కడే క్లాసులు చెప్పుకోవచ్చంటే అసలు నమ్మవద్దు. థాయ్‌లాండ్‌లో వర్క్ పర్మిట్ లేకుండా విదేశీయులు పనిచేయకూడదు. ఇండోనేషియాలో పర్యాటక వీసా మీద పనిచేస్తూ దొరికితే దేశం నుంచి పంపించేస్తారు. నేరం పడేది టీచరు మీదే, ఏజెంటు మీద కాదు.

ఇంత చెప్పాక కూడా విదేశంలో నేర్చుకోవడం వల్ల వచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. ఇంగ్లీషులో క్లాసు నడపడం, రకరకాల దేశాల వాళ్లతో మెలగడం, చెప్పే మాటలో అనవసరమైన భక్తి పూత లేకుండా ఒంటి సంగతిని ఒంటి సంగతిగానే చెప్పడం అక్కడ బాగా అబ్బుతాయి. కొన్ని మంచి స్కూళ్లలో శరీర శాస్త్రం ఫిజియోథెరపిస్టులే చెబుతారు. అది మన దగ్గర అరుదు. రెండు మూడేళ్లు చెప్పిన అనుభవం, బోర్డు సర్టిఫికెట్, చేతిలో అప్పు కాని డబ్బు ఉన్నవాళ్లకు ఇవి విలువైనవే. వాళ్లు కోర్సు ఎంచుకునేటప్పుడు ఊరి అందం, హాలు వెదురుతో కట్టారా రాతితో కట్టారా అన్నది పక్కనపెట్టి మూడు సంగతులు పట్టుకుంటే చాలు. రోజువారీ టైమ్‌టేబుల్‌లో ఎవరి పేరుతో ఏ క్లాసు ఉంది, ఆ పేరున్న మనిషి నెలంతా అక్కడ ఉంటాడా లేక ప్రారంభానికి, వీడ్కోలుకు మాత్రమే కనిపిస్తాడా? శిక్షణార్థి బయటి జనానికి ఎన్ని గంటలు క్లాసు చెబుతాడు, అప్పుడు వెనక నిలబడి చూసేది ఎవరు? పాతికమందికి ఒక టీచరు ఉన్న చోట మూడో వారానికి గానీ ఆయనకు మీ పేరు గుర్తుండదు, అందువల్ల విద్యార్థుల సంఖ్య కూడా అడగాలి.

భావనపాడుకు రెండు వందల కిలోమీటర్లలోపే, విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగాకు ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ పీజీ డిప్లొమా, ఎంఏ చదవవచ్చు. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ యోగా కోర్సులు ఉన్నాయి. కానీ ఇంటి దగ్గర పని చూసుకుంటూ చదవాల్సిన టెక్కలి, పలాస పిల్లలకు విశాఖ కూడా దూరమే. విశ్వవిద్యాలయం ఆ రెండు పట్టణాల్లో సాయంత్రం వేళ ఏడాది కోర్సు పెట్టి, ప్రాక్టికల్‌ను పీహెచ్‌సీలకు, పలాస ఆసుపత్రికి వచ్చే రోగులతో, వైద్యుల కనుసన్నల్లో జరిపిస్తే ఈ ప్రాంతానికి కావలసిన టీచర్లు ఇక్కడే తయారవుతారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజులు మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇలాంటి శిక్షణ ఇవ్వడానికి అనువైన సమయం. మూలపేట పోర్టు, భోగాపురం విమానాశ్రయం అంటూ కోట్ల లెక్కలు చెప్పే ప్రభుత్వానికి ఇది మోయలేని ఖర్చు కాదు. సెషన్‌కు రూ.250 అన్న రేటును కూడా సవరించాలి, మగా ఆడా సెషన్లు సమానం చేయాలి. అది జరిగేలోగా విదేశీ కోర్సుకు అడ్వాన్సు కట్టబోతున్నవాళ్లకు ఒక్క మాట. నేను ఎన్ని గంటలు, ఎవరికి, ఎవరి పర్యవేక్షణలో క్లాసు చెబుతాను అని స్కూలుకు రాసి అడగండి. రాతపూర్వకంగా జవాబు రాని చోట రూపాయి కూడా కట్టకండి.